ఎవరి తాలూకా ఈ గోడ? గోదావరి డెల్టాలో వీధి బొమ్మలు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసే కొలబద్ద మీద రంగుతో రాసిన అంకెలుంటాయి. జూలై, ఆగస్టు వచ్చిందంటే కోనసీమ లంకల్లో ప్రతి ఇంటికీ ఆ అంకెలతోనే పని. నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలాలా, ధాన్యం బస్తాలు అటక ఎక్కించాలా అన్నది ఆ రాతను బట్టే తేలుతుంది. 1986 ఆగస్టు వరదలో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. అలాంటి వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద గీత గీసి, పక్కన ఏడాది రాసుకోవడం ఏటి ఒడ్డు ఊళ్ళకు అలవాటు.

ఈ అంకెల్ని, గీతల్ని ఎవరూ కళ అనరు. అయినా డెల్టాలో వీధి చిత్రకళ గురించి మాట్లాడాలంటే వీటి దగ్గరే మొదలుపెట్టాలి. ఇక్కడ గోడ అనేది పదిమందికీ కావలసిన కబురు రాసే చోటుగా ఉంటూ వచ్చింది. అమెరికా నగరాల్లో పుట్టి ప్రపంచమంతా పాకిన గ్రాఫిటీ, అంటే గోడల మీద రంగుతో రాసే రాత, సరిగ్గా దీనికి ఎదురు కొస నుంచి మొదలైంది. అక్కడ తొలినాళ్ళ కుర్రాళ్ళు రాసిన మాట, రాసినవాడికి తప్ప మరెవరికీ అక్కరలేనిది. అది వాడి పేరు.

పేరు కోసం పుట్టిన కళ

డబ్బా నొక్కితే రంగు చిమ్మే స్ప్రే 1949లో అమెరికాలో తయారైంది. ఇనప సామాన్లకు రంగు వేసుకునే సౌకర్యం కోసం వచ్చిన ఆ వస్తువు, పదిహేను ఇరవై ఏళ్ళకు పేదపేటల పిల్లల చేతికి చేరింది. 1960ల రెండో సగంలో ఫిలడెల్ఫియాలో 'కార్న్‌బ్రెడ్' అని మారుపేరు పెట్టుకున్న ఒక కుర్రాడు ఊరంతా ఆ పేరే రాసుకుంటూ పోయాడు. న్యూయార్క్‌లో ఉత్తరాలు, పొట్లాలు అందించే పని చేస్తూ వీధివీధీ తిరిగే మరో కుర్రాడు తన పేరుకు తానుండే వీధి నంబరు కలిపి 'టాకీ 183' అని వెళ్ళిన ప్రతిచోటా రాశాడు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ అతని మీద వార్త వేసింది. ఆ తర్వాత పేర్లు రాసేవాళ్ళు వందల్లో పుట్టుకొచ్చారు.

పేరు పది గోడల మీద ఉంటే సరిపోదని, కదిలే గోడ కావాలని వాళ్ళకు తొందరగానే తెలిసింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో రాత్రి రైలుపెట్టె మీద రాస్తే తెల్లారేసరికి ఆ పేరు మన్‌హట్టన్ మీదుగా బ్రూక్లిన్ దాకా ప్రయాణం చేస్తుంది. పెట్టె మీద చోటు ఎక్కువ, సమయం తక్కువ, పోటీ విపరీతం. దాంతో ఉత్త సంతకం కాస్తా లావెక్కింది, నీడలు తొడుక్కుంది, బాణాలు మొలిపించింది. 'ఫేజ్ 2' అనే అతను 1972 ప్రాంతంలో బుడగల్లా ఉబ్బిన అక్షరాలు గీసి కొత్త దారి వేశాడు. నగర పాలకులు చట్టాలు తెచ్చారు, రసాయనాలతో రైళ్ళు కడిగించారు. 1989 మే 12న, రంగు రాతలున్న చివరి రైలును కూడా పట్టాల మీద నుంచి తీసేశామని ప్రకటించారు.

ఒక్క పేరు కోసం పిల్లలు ఇంత ప్రమాదానికి ఎందుకు ఒడిగట్టారు? కరెంటు పట్టా తగిలి, రైలు కిందపడి చనిపోయినవాళ్ళూ ఉన్నారు. కూలిన మేడలు, మూతపడిన కర్మాగారాలు, ఎవరికీ పట్టని పేటలు. అక్కడ ఒక నల్లజాతి పిల్లాడో, ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబం పిల్లాడో ఉన్నాడని నగరానికి తెలిసే దారే లేదు. గోడ మీది పేరు ఆ ఉనికికి సాక్ష్యం. గ్రాఫిటీలోని అందాన్నీ కోపాన్నీ అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి. దీన్ని పక్కన పెట్టి రంగులనూ ఒంపులనూ మాత్రమే అరువు తెచ్చుకుంటే మిగిలేది అలంకారమే.

ఇప్పుడు ఇదే పిల్లాణ్ణి అంబాజీపేటలోనో, అత్తిలిలోనో ఊహించుకోవాలి. అతని పేరు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఇంటిపేరు తెలుసు, తాత చేసిన అప్పు తెలుసు, పదో తరగతి ఎన్నిసార్లు రాశాడో కూడా తెలుసు. కొత్తవాడు కనబడితే ఇక్కడ అడిగే మొదటి ప్రశ్న "నీ పేరేంటి" అని ఉండదు, "ఎవరి తాలూకా" అని ఉంటుంది. ఇలాంటి చోట గోడ మీద పేరు రాస్తే ఉనికి చాటుకున్నట్టు కాదు, సాయంత్రానికల్లా నాన్నకు కబురు చేరినట్టు. అందుకే న్యూయార్క్ తరహా సంతకాల గ్రాఫిటీ డెల్టాలో వేళ్ళూనలేదు. పెన్నులు, స్ప్రేలు దొరక్క కాదు, ఆ ఆకలి ఇక్కడ వేరే రూపంలో ఉంది.

ఆ వేరే రూపం 2024 వేసవిలో అందరికీ కనబడింది. డెల్టా పక్కనే ఉన్న పిఠాపురంలో ఎన్నికల పోలింగు ముగిశాక, మోటారు సైకిళ్ళ నంబరు ప్లేట్ల మీద "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అన్న అక్షరాలు ఊరూరా ప్రత్యక్షమయ్యాయి. రైలుపెట్టె మీది పేరులాగే ఇదీ కదిలే రాత, చట్టం ఒప్పుకోని రాత. కానీ రాసుకున్నవాడి పేరు అందులో ఎక్కడా లేదు. తాను ఎవరి మనిషో మాత్రమే ఉంది. అభిమానమో, కులమో, పార్టీయో, ఊరో, డెల్టా కుర్రాడు తనను తాను చెప్పుకోవాలనుకున్నప్పుడు ఒక పెద్ద పేరు నీడలో నిలబడి చెప్పుకుంటాడు. ఇది లోటు అనుకోనక్కరలేదు. ఇక్కడి మనుషుల మధ్య అల్లిక అంత దట్టమైనది. వీధి బొమ్మల సంగతి తేల్చుకోవాలన్నా ఈ అల్లికను లెక్కలోకి తీసుకోవాల్సిందే.

గోడలు రాసిన చేతులు

డెల్టా గోడల మీద అర్ధశతాబ్దం పాటు రాసింది బోర్డు ఆర్టిస్టులు. ప్రతి సెంటర్లో ఒక చిన్న కొట్టు, ముందు ఆరబెట్టిన రేకులు, లోపల కిరసనాయిలు, వార్నిషు వాసన, పైన ఏదో ఒక పేరుకు 'ఆర్ట్స్' తగిలించిన బోర్డు. పురుగుమందులు, ఎరువులు, సిమెంటు, పళ్ళపొడి, ఆ తర్వాత రొయ్యల చెరువులు వచ్చాక మేత కంపెనీలు. కాలవగట్టు వెంట బస్సులో పోతుంటే లాకుల గోడ నుంచి రైసుమిల్లు ప్రహరీ దాకా వాళ్ళ రాతే. ఎన్నికలొస్తే గుర్తులు, నినాదాలు. మంచి చోటున్న గోడను ముందే పట్టుకుని, ఓ మూల పార్టీ పేరు, 'రిజర్వుడు' అన్న మాట రాసేవాళ్ళు. 1990లలో ఎన్నికల సంఘం కాస్త గట్టిగా పట్టుకునేదాకా, ఇంటి యజమానిని అడిగి రాసిన గోడ కంటే అడగకుండా రాసిన గోడే ఎక్కువ.

వాళ్ళ పనితనాన్ని వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. ముందు గోడకు సున్నం కొడతారు. తర్వాత నూలుదారానికి నీలం పూసి, రెండు కొసలా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. తెలుగు అక్షరం ఆ రెండు గీతల మధ్య ఇమడదు. పైకి గుడి, ఎత్వం, తలకట్టు లేస్తాయి, కిందికి వత్తులు దిగుతాయి. 'శ్రీ' ఒక్కటే రెండంతస్తుల చోటు అడుగుతుంది. 'స్త్రీ' రాయాలంటే కింది వరుసను కూడా కదిలించాలి. ఇంగ్లిషు అక్షరాలు ఇటుకల్లా పేర్చుకుంటూ పోవచ్చు. తెలుగు వరుస రాసేవాడు పై వరుస వత్తులు కింది వరుస గుడుల్ని తన్నకుండా ముందే మనసులో లెక్క కట్టుకోవాలి. నిచ్చెన మీద నిలబడి, ముక్కుకు అడుగు దూరంలో ఉన్న గోడ మీద, వంద అడుగుల అవతల బస్సులో పోయేవాడికి సమంగా కనబడేలా ఆరడుగుల అక్షరం తిప్పడం ఏ బడిలోనూ నేర్పిన విద్య కాదు. గురువు గారు అవుట్‌లైను గీస్తే, శిష్యుడు లోపల రంగు నింపుతూ ఐదారేళ్ళు గడిపి నేర్చుకున్నది.

బొమ్మలకూ ఒక పద్ధతి ఉంది. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, గోడ మీద అన్నే పెద్ద గళ్ళు గీసి, ఒక్కో గడిలోది ఒక్కో గడిలోకి పెంచుకుంటూ పోవడం. అదే బొమ్మ పది గోడల మీద కావాలంటే కాగితం మీద గీసి, గీత వెంట సూదితో సన్నటి రంధ్రాలు పొడిచి, దాన్ని గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో తట్టడం. 1981లో పారిస్‌లో 'బ్లెక్ ల రా' అనే చిత్రకారుడు అట్టముక్క కత్తిరించి ఎలుకల బొమ్మలు అచ్చుగుద్దినప్పుడు గోడ బొమ్మల చరిత్రలో కొత్త మలుపు అన్నారు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నుంచి వచ్చిన బాంక్సీకి ఆ అట్టముక్క పద్ధతే ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. రాత్రిపూట, పోలీసు రాకముందే పని ముగించడానికి వాళ్ళకు ఆ పద్ధతి కావలసి వచ్చింది. డెల్టా ఆర్టిస్టుకు ఇంచుమించు అలాంటి పద్ధతే పొద్దుగూకే లోపల పది గోడలు పూర్తిచేసి కూలి గిట్టించుకోవడానికి కావలసి వచ్చింది. చేతులు రెండు చోట్లా ఒకే పని చేశాయి. ఒక చేతికి పేరొచ్చింది, ఇంకో చేతికి ఫోన్ నంబరు రాసుకునేంత చోటు మిగిలింది.

2000 దాటాక ఫ్లెక్సీ వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు గంటలో చేసి ఇచ్చే బ్యానరు ముందు, రెండు రోజులు నిచ్చెన మీద నిలబడే పని నిలబడలేకపోయింది. కొందరు ఆర్టిస్టులు ఫ్లెక్సీ షాపుల్లోనే డిజైనింగుకు కుదిరారు, కొందరు ఇళ్ళకు రంగులు వేసే పనిలోకి మారారు, కొందరు బళ్ళ వెనక అక్షరాలు, పడవల మీద పేర్లు రాస్తూ నెట్టుకొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించింది కానీ, సెంటర్లలో ఫ్లెక్సీ కట్టని పండగ రాలేదు.

నిజానికి న్యూయార్క్ రైలుపెట్టెకు డెల్టాలో అసలైన సమానం ఈ ఫ్లెక్సీయే. రావులపాలెం సెంటర్లో పుట్టినరోజు ఫ్లెక్సీ చూడండి. మధ్యలో నాయకుడో హీరోయో నిలువెత్తున ఉంటాడు. అడుగున రెండు మూడు వరుసల్లో పాస్‌పోర్టు ఫోటోలంత ముఖాలు, ఒక్కొక్కదాని కింద పేరు. తమ్ముళ్ళు, బావలు, ఫ్రెండ్స్ సర్కిల్. ఆ చిన్న ముఖంలో చోటు కోసం చందా వేసుకుంటారు, ఎవరి ఫోటో ఏ వరుసలో రావాలన్న దాని మీద మాటామాటా అనుకుంటారు. నేనూ ఉన్నానని చెప్పుకోవాలన్న దాహం అక్కడ ఎంతుందో ఇక్కడా అంతే ఉంది. తేడా ఒక్కటే. ఇక్కడి ముఖానికి పెద్ద మనిషి పక్కనే చోటు దొరుకుతుంది, వారం తిరక్కుండా ఆ ఫ్లెక్సీ విప్పి ఎవరో పశువుల పాక మీద కప్పుకుంటారు. చేత్తో గీసిన గీత ఒక్కటీ అందులో లేదు. ఒక తరం కుర్రాళ్ళ ఉనికి అంతా ఒకే కంప్యూటరు మూసలో పోతపోసినట్టు ఉండటం బాధ పెట్టే విషయమే.

చివరి మెట్టు ముందు వచ్చింది

అమెరికాలో సంతకం బొమ్మగా, బొమ్మ అనుమతి ఉన్న బొమ్మగా, అది కాస్తా పిలిచి వేయించుకునే బొమ్మగా మారడానికి దశాబ్దాలు పట్టింది. 1980లలో కీత్ హేరింగ్ న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో ఖాళీ ప్రకటన పలకల మీది నల్ల కాగితంపై సుద్దముక్కతో గీసేవాడు. 'సామో' పేరుతో గోడల మీద మాటలు రాసిన జాన్ మిషెల్ బాస్కియా అప్పటికే గ్యాలరీల్లోకి అడుగుపెట్టాడు. ఫిలడెల్ఫియా ఇంకో దారి పట్టింది. 1984లో అక్కడి మేయరు గ్రాఫిటీని ఆపడానికి ఒక కార్యక్రమం పెట్టి, పట్టుబడ్డ పిల్లలకు కుంచె ఇచ్చి పేట గోడల మీద పెద్ద బొమ్మలు వేయించాడు. అది తర్వాత నగరం తరఫున బొమ్మలు వేయించే శాశ్వత సంస్థగా ఎదిగింది. ఏ బొమ్మ వేయాలో ఆ పేటవాళ్ళతో కూర్చుని మాట్లాడి తేల్చుకోవడం ఆ పద్ధతికి ప్రాణం.

మన దేశంలో ఈ దశలన్నీ ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. ఢిల్లీలో 'డాకూ' అనే పేరు మాటున ఒకతను దేవనాగరిలో గ్రాఫిటీ రాశాడు. అక్షరం మనది కావాలన్న ఆలోచన అందులో ఉంది. 2014లో ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయం గోడ మీద గాంధీ నిలువెత్తు బొమ్మ లేచింది. ఆ పని చేయించిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆ తర్వాత లోధీ కాలనీ గోడల్ని, 2016లో హైదరాబాదు ఖైరతాబాదు దగ్గరి ఎం.ఎస్. మక్తాను బొమ్మల పేటలుగా మార్చింది. పెయింటు కంపెనీలు రంగులిచ్చాయి. ఫోటోలు దిగడానికి జనం వచ్చారు.

డెల్టాకు మాత్రం మొదటి మెట్లేవీ రాకుండా చివరి మెట్టు నేరుగా వచ్చింది. స్వచ్ఛ భారత్ 2014లో మొదలైంది, పట్టణాలకు స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు 2016 నుంచి వచ్చాయి. చెత్త పోసే మూలల్నీ, మూత్రం పోసే గోడల్నీ బొమ్మలతో నింపాలన్న ఆలోచన మునిసిపాలిటీలకు ఎక్కింది. కాకినాడ మొదటి ఇరవై స్మార్ట్ సిటీల జాబితాలో ఉండటం, రాజమహేంద్రవరానికి పన్నెండేళ్ళకోసారి పుష్కరాల ముస్తాబు ఉండటం దీనికి తోడయ్యాయి. టెండరు పిలుస్తారు, చదరపు అడుగుకు ఇంత అని ధర కడతారు, గడువు పెడతారు. ఇన్ని అడుగుల గోడ ఇన్ని రోజుల్లో నిండాలి అన్నప్పుడు ఏం వస్తుంది? ఫోన్లో వెతికితే దొరికే నెమలి, అరచేతిలో మొక్క, తడి చెత్త పొడి చెత్త డబ్బాలు, భూగోళాన్ని కౌగిలించుకున్న పిల్లలు. కాస్త స్థానికం కావాలంటే కాటన్ దొర, ఎద్దులబండి, కొబ్బరిచెట్ల మధ్య పడవ. తణుకులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా అదే పడవ, అవే మూడు కొబ్బరిచెట్లు.

ఈ బొమ్మలు వేసినవాళ్ళను తప్పుపట్టడం అన్యాయం. ఫ్లెక్సీ దెబ్బకు పని పోయిన చేతులకు మళ్ళీ కూలి దొరికింది, కొత్తగా ఫైనార్ట్స్ చదివిన పిల్లలకు సొంత ఊళ్ళో నాలుగు రోజుల పని దొరికింది. ఆ మూలల్లో చెత్త తగ్గినమాటా నిజమే. లోపం అడిగిన తీరులో ఉంది. గోడ ఎవరి ఎదురుగా ఉందో, అక్కడ రోజూ ఎవరు నడుస్తారో, వాళ్ళకు ఆ గోడ మీద ఏం కావాలో ఎవరూ అడగలేదు. చేపల మార్కెట్టు గోడ మీద నెమలి ఎందుకు? పండుగొప్ప, పులస, రొయ్య, అవి పట్టే వల, బుట్టల వెనక కూర్చునే ఆడవాళ్ళ ముఖాలు ఆ గోడకు ఎంత బాగుంటాయి! కడియం నర్సరీల దారిలో అంటు కట్టే చేతుల బొమ్మ ఉంటే, నర్సాపురంలో లేసు అల్లే వేళ్ళ బొమ్మ ఉంటే, ఆ దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు, లోపాలు చెబుతారు, పోట్లాడతారు కూడా. వీధి బొమ్మకు ఆ పోట్లాట కావాలి.

చెమ్మ, ఉప్పు, చట్టం

డెల్టాలో గోడ బొమ్మకు మొదటి శత్రువు నీరు. నేలకు కాస్త కిందే నీళ్ళు, పైన ఎడతెరిపి లేని వానలు, సముద్రం వైపు ఉప్పుగాలి. నేలలోని తడి ఇటుకలోకి పీల్చుకుని పైకి ఎక్కుతుంది, దానితోపాటు ఉప్పు ఎక్కుతుంది. గోడ ఆరినప్పుడు ఆ ఉప్పు పైకి తేలి రంగును లోపలి నుంచి నెడుతుంది. ముందు పొక్కులు, తర్వాత పెచ్చులు. పాత ఇళ్ళకు వేసిన సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిచ్చేది, తడి బయటికి పోయేది. ఏటా సంక్రాంతికి మళ్ళీ వెల్ల వేసుకునేవాళ్ళు, అడుగున జేగురు పట్టె తీర్చేవాళ్ళు. పాడయ్యేదీ అడుగే, ఏటా మారేదీ అడుగే. ఇప్పటి ప్లాస్టిక్ రంగులు గోడ మీద పొరలా బిగుసుకుని తడిని లోపలే ఉంచుతాయి. ఢిల్లీ ఎండు గాలిలో ఏళ్ళ తరబడి నిలిచే బొమ్మ రాజోలులో రెండు వానాకాలాలకే ముఖం మారిపోవడానికి కారణం ఇది. గోడకు ముందు చెమ్మ మందు పట్టించి, ఎండాకాలంలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాత బొమ్మ వేయాలి. మార్చి నెలాఖరు బిల్లుల తొందరలోనో, పండగ ముందు వారంలోనో వేయించే పనిలో ఇది కుదరదు.

చట్టం సంగతి క్లుప్తంగా. బహిరంగ స్థలాలను రాతలతో, పోస్టర్లతో పాడుచేయడాన్ని అడ్డుకునే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచి ఉంది. అనుమతి లేకుండా ఇతరుల గోడ మీద రాస్తే నేరం. దీని గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. తెలియంది రెండో వైపు. అనుమతితో వేసిన బొమ్మ మీద వేసినవాడికి హక్కు ఉంటుందా?

న్యూయార్క్‌లోని 'ఫైవ్ పాయింట్జ్' అనే పాత కర్మాగారం గోడల మీద యజమాని ఒప్పుకోలుతోనే ఏళ్ళ తరబడి బొమ్మలు వేశారు. 2013 నవంబరులో ఒక రాత్రి యజమాని వాటి మీద తెల్లరంగు కొట్టించేశాడు. 21 మంది చిత్రకారులు కోర్టుకెళ్ళారు. 2018లో న్యాయమూర్తి వాళ్ళకు 67 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలన్నారు, 2020లో పై కోర్టూ అదే నిలబెట్టింది. మన దగ్గరా దారి ఉంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద ఆయన పోరాడి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచారు. శిల్పం ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది. గోడ ఒకరిదైనా, దాని మీది పని చేసిన మనిషికి ఆ పనితో బంధం తెగదని మన న్యాయస్థానమే చెప్పింది. డెల్టాలో గోడబొమ్మలు వేసేవాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి చేరింది? ఒప్పంద కాగితంలో చదరపు అడుగుల లెక్క ఉంటుంది, ఈ మాట ఉండదు.

ఇక్కడి నేలలో ఉన్నవి

వీధి చిత్రకళ అనగానే గోడ వైపే చూడటం కూడా అరువు తెచ్చుకున్న చూపే. ధనుర్మాసం నెల్లాళ్ళూ డెల్టాలో ప్రతి వీధీ తెల్లవారేసరికి బొమ్మ అవుతుంది. కళ్ళాపి చల్లిన తడినేల మీద చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, చేయి ఎత్తకుండా ముగించే ముగ్గును ప్రపంచంలోని ఏ గ్రాఫిటీ పక్కనైనా పెట్టవచ్చు. వేసేది వీధిలో, చూసేది దారినపోయేవాళ్ళు, మధ్యాహ్నానికి బళ్ళు తొక్కేస్తాయని తెలిసే వేస్తారు. ఇంటి గడప ముందు అది ఎవరి చేయో పేటలో ఆడవాళ్ళందరికీ గీత చూస్తేనే తెలుసు. వీధి బొమ్మల చర్చ నడిపే మగవాళ్ళకు ఈ కళ కనబడకపోవడం చిన్న తప్పు కాదు.

కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం ఇంకో దారి చూపిస్తుంది. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు బయల్దేరతాయి. వెదురు, రంగు గుడ్డలు, నూలు కుచ్చులు, గంటలతో కట్టిన ఆ ఎత్తైన అమరికల్ని భుజాల మీద మోస్తూ వరిచేల మధ్య నుంచి, కౌశిక నీళ్ళలో దిగి దాటిస్తారు. 2023 గణతంత్ర దినాన ఢిల్లీ కవాతులో రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. ఏ ప్రభ ఏ ఊరిదో దూరం నుంచే పోల్చుకుంటారు. ఎత్తులో, రంగుల్లో, అల్లికలో ఊళ్ళ మధ్య పంతం ఉంటుంది. బ్రాంక్స్ కుర్రాళ్ళ రైలుపెట్టెల పోటీకి ఇది ఎంత దగ్గర! అక్కడ కదిలే గోడ మీద ఒక మనిషి పేరు, ఇక్కడ కదిలే గోడే ఒక ఊరి పేరు.

అక్షరం వైపు నుంచి కూడా ఇక్కడ చాలా ఉంది. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు తిన్నని గీతలు ఆకును చీలుస్తాయని, అందుకే తెలుగు అక్షరం గుండ్రంగా తిరిగిందని అంటారు. న్యూయార్క్ వాళ్ళు బుడగ అక్షరాల కోసం కష్టపడ్డారు, మన 'ఠ', 'జ', 'బ' పుట్టుకతోనే బుడగలు. నర్సాపురంలో పుట్టిన బాపు చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖల నుంచి కొట్ల బోర్డుల దాకా పాకింది. ఒక మనిషి చేతివాటం లక్షల చోట్ల కనబడటం అంటే అదే. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయినా, గోదావరి ఒడ్డు మనుషుల ఒంటి వంపుల్ని, చీరకట్టుల్ని బొమ్మల్లో నిలిపిపోయాడు. ఆయన పేరిట గ్యాలరీ ఆ ఊళ్ళోనే ఉంది. ఊరి గోడలకు బొమ్మలు వెతికేవాళ్ళు ఫోన్ తెరిచే ముందు ఆ మెట్లు ఒక్కసారి ఎక్కితే బాగుంటుంది.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఘాట్ల దారుల్లో గోడలకు మళ్ళీ రంగులు పడతాయి, టెండర్లు పిలుస్తారు. ఈసారి ఆ కాగితాల్లో మూడు మాటలు చేరిస్తే చాలా మారుతుంది. బొమ్మ ఏదో ఆ వీధివాళ్ళతో కూర్చుని తేల్చాలి. గోడ ఆరడానికి ఒక వేసవి ఇవ్వాలి. వేసినవాళ్ళ పేరు ఉండాలి. ఇప్పుడు కూడా కొన్ని బొమ్మల కింద కుడివైపు మూలన, పాత అలవాటు ప్రకారం, ఏదో ఒక 'ఆర్ట్స్' అన్న రెండు చిన్న ముక్కలు, ఒక ఫోన్ నంబరు కనబడతాయి. గోడకు చెమ్మ ఎక్కేది సరిగ్గా అక్కడే. బొమ్మ ఇంకా బాగానే ఉండగానే ఆ పేరు పొక్కి రాలిపోతుంది. పేరును మూడడుగులు పైకి, కంటికి ఎదురుగా రాసుకోమని చెప్పాలి.